ఖుష్కీ ద్రాక్ష

"ఇంక మూడేండ్లల్ల ఫ్రాన్స్ వాళ్లు మంచి వైన్ తాగాలంటే మట్మారి బస్సు ఎక్కాలె" అని ఉద్యానశాఖ మంత్రి మహాంతేశ్ గారు మట్మారి బడి మైదానంలో ప్రకటించారు. మంత్రిగారిది కన్నడం. కానీ సరిహద్దు ఊళ్లలో ఆయన తెలుగే మాట్లాడతారు. అక్కడ ఓట్లు తెలుగులో ఉన్నాయి మరి.

మొదటి వరుసలో హులిగెమ్మ కూర్చుంది. పథకానికి ఎంపికైన ఆదర్శ రైతు ఆమే. ఆమె పొలం రోడ్డు పక్కనే ఉంది, మంత్రిగారు కారు దిగి ఎక్కువ నడవక్కర్లేదు. ఎంపికకు ఇంతకన్నా శాస్త్రీయమైన పద్ధతి ఇంకా రాలేదు. ఉన్న రెండెకరాల మిరపతోట తీసేసి హులిగెమ్మ ఫ్రాన్స్ తెల్లద్రాక్ష పెట్టింది. దాని పేరు సావిన్యోన్ బ్లాన్.

"పేరులనే సావు ఉందేంది సారూ?" అని ఆమె ఉద్యానశాఖ పెద్ద గుమాస్తా వెంకోబరావును అడిగింది.

"అది ఫ్రాన్స్ల సావమ్మా. మనకు అంటదు."

అంటలేదు. ఏడాదిన్నరలో తీగ పందిరంతా పాకింది. పొద్దున లేవగానే హులిగెమ్మ మోటరు వేసి, ఒక్కో ఆకును మనవరాలి చెంపలా ముట్టుకుని వచ్చేది.

అప్పుడు బెంగళూరు నుంచి కాగితం వచ్చింది. ఈ ద్రాక్షతో డ్రై వైట్ వైన్ మాత్రమే తయారుకావాలి, డ్రై నిబంధన కచ్చితంగా అమలుచేయాలి అని అందులో ఉంది.

వెంకోబరావు దాన్ని మూడుసార్లు చదివాడు. ఉద్యానశాఖకు రాకముందు ఆయన ఇరవై ఎనిమిదేళ్లు తహసీల్ ఆఫీసులో పనిచేశాడు. నిజాం కాలం నుంచీ రాయచూరు రికార్డుల్లో భూమి రెండే రకాలు. నీళ్లు పారేది తరీ, వాన మీద బతికేది ఖుష్కీ. డ్రై అంటే ఏమిటో ఆయనకు ఇంకొకరు చెప్పాలా? హులిగెమ్మ పేరు ఎదురుగా అందమైన అక్షరాలతో 'ఖుష్కీ' అని రాసి, మరునాడే పొలానికొచ్చి మోటరు పెట్టెకు సీలు వేశాడు.

"నీ తోట ఖుష్కీ అయింది హులిగెమ్మా. ముబారక్."

"గదెట్ల సారూ? బోరుల నీళ్లున్నయి కద."

"ఉండనీ. పెట్టొద్దు. పెడితే తరీ అయితది. తరీకి ఈ స్కీము లేదు. రాతి కంబాలు, తీగలు అన్నీ వాపస్ తీస్కపోతం."

"నీళ్లు లేకుంటె చెట్టు ఎట్ల బతుకుతది?"

"ఫారిన్ చెట్టమ్మా. రూల్ అర్థం చేస్కుంటది."

"మరి వాన పడితె?"

వెంకోబరావు ఆకాశం వైపు చూశాడు. "వానకు పర్మిషన్ ఉంది. పైనుంచి వచ్చేది కద."

వెంట వచ్చిన ఫీల్డ్ అసిస్టెంట్ నేత్ర ఇక ఆగలేకపోయింది. "సార్, వైన్ల డ్రై అంటె తీపి లేనిది అని. నీళ్లకూ దానికీ సంబంధం లేదు."

"నువ్వేం చదివినవ్ నేత్రా?"

"బీఎస్సీ హార్టికల్చర్, సార్."

"అందుకే. నేను రికార్డు చదివిన."

అయినా ఆయన మొండివాడు కాదు. 'డ్రై అంటే డ్రైయేనా?' అని బెంగళూరుకు రాసి అడిగాడు. ఎనిమిది రోజుల్లో జవాబు వచ్చింది. 'అవును. డ్రై అంటే డ్రైయే.' ప్రభుత్వం ఇంత స్పష్టంగా మాట్లాడటం అరుదు.

నెల తిరిగేసరికి తనిఖీ బృందం వచ్చి మొదళ్లలో వేలు పెట్టి చూసింది. ఒకచోట తడి తగిలింది. తేమకు కారణం చెప్పమని నోటీసిస్తే, "నా చెమట సారూ" అంది హులిగెమ్మ. ఇకమీదట నీడలో పనిచేయమని సలహా ఇచ్చి ఫైలు మూసేశారు.

మర్నాడు తోట మధ్యలో బర్రె ఉంది. దాని ముందు చేతిపంపు నుంచి మోసుకొచ్చిన నీళ్ల తొట్టి.

"ఇదేంది?" అన్నాడు వెంకోబరావు.

"బర్రె సారూ."

"నాకు కండ్లు ఉన్నయి. తోటల ఎందుకుంది?"

"దూప అయితుంది దానికి. బర్రె గూడ ఖుష్కీలకే వస్తదా?"

ఆయన ఆర్డరు మొత్తం తిరగేశాడు. బర్రె ప్రస్తావన ఎక్కడా లేదు. "తొట్టి కారుతుంది కద" అన్నాడు, ఓడిపోవడం ఇష్టంలేక.

"పాతది. స్కీముల కొత్తది ఇప్పియ్యిన్రి."

రోజూ తొట్టి ఒక చెట్టు ముందుకు జరిగేది. ఆ చిల్లు పుణ్యాన మూడు వరుసలు బతికి కాయ కాశాయి. మిగతా తోట రికార్డు ప్రకారం నడుచుకుంది. నేత్ర ఒక మోడును గోటితో గీకి చూసింది. లోపల ఇంకా పచ్చగానే ఉంది. "ఇప్పుడు నీళ్లు పెడితె అన్నీ లేస్తయక్కా. ఇంకో నెలైతే నేనేం చెప్పలేను."

కోతకు మంత్రిగారు వచ్చారు. వెంకోబరావు మోడుల మీద షామియానా వేయించి, ఆయన్ను మూడు పచ్చని వరుసల ముందు నిలబెట్టాడు. "ఈ హులిగెమ్మ ఒక్క చుక్క నీళ్లు లేకుంట పండించింది" అన్నారు మంత్రిగారు మైకులో. బర్రెకు కూడా దండ వేశారు.

హులిగెమ్మ ముందుకొచ్చి చేతులు జోడించింది. "నీళ్లు ఇప్పియ్యిన్రి సారూ."

మంత్రిగారి పీఏ చప్పున ఒక వాటర్ బాటిల్ అందించాడు. ఫొటో తీశారు.

తర్వాత బెంగళూరు నుంచి తెచ్చిన ఇదే జాతి ద్రాక్ష వైన్ ఒక గ్లాసులో పోశారు. మంత్రిగారు ఒక గుక్క పుచ్చుకుని ముఖం చిట్లించారు. "ఇదేంది, తీపే లేదు?"

"డ్రై వైన్, సార్" అంది నేత్ర.

"డ్రై వద్దు. మన జనానికి తీపి ఉండాలె. ఇయ్యాల్టి నుంచి డ్రై క్యాన్సిల్."

ఆ సాయంత్రమే వెంకోబరావు సీలు తీశాడు. "ఖుష్కీ రద్దయింది. ఇంక నీది తరీ. ఎన్ని నీళ్లన్న పెట్టుకో."

మోటరు నాలుగు రోజులు ఆగకుండా ఆడింది. ఐదోరోజు మోడుల కణుపుల దగ్గర గోరంత ఎర్రటి చిగుళ్లు కనిపించాయి. హులిగెమ్మ వాటిని ముట్టుకోలేదు, ఊరికే చూస్తూ నిలబడింది.

అప్పుడే జీపు వచ్చింది. వెంకోబరావు వెంట సింధనూరు కాలువ కింద వ్యవసాయం చేసే తిరుమలేశ్ దిగాడు. తరీ పొలాలకు ప్రభుత్వం నియమించిన సలహాదారు. ఆయన తోటంతా కలియజూశాడు.

"మడులు కట్టలేదేంటండీ?"

"మడులెందుకు?" అంది హులిగెమ్మ. "ఇది ద్రాక్ష."

"తరీ అన్నారు కదండీ. తరీ అంటే వరేనండి. నారు వెనకాల ట్రాక్టర్లో వస్తుంది." ఆయన తలెత్తి పందిరిని చూశాడు. "ముందు ఇది తీయించండమ్మా. ట్రాక్టరు తిరగదు."

హులిగెమ్మ వెంకోబరావు వైపు చూసింది. ఆయన అప్పటికే జీపు బానెట్ మీద రికార్డు పరిచి, తన అందమైన అక్షరాలతో రాస్తున్నాడు: 'పందిరి - సాగుకు అడ్డం.'