మేఘాల సమ పంపిణీ

గెలాక్సీ చివరి అంచు దాకా సమన్యాయం అందేవరకు విశ్రమించేది లేదని రాష్ట్ర అంతరిక్ష అవగాహన సంస్థ చైర్మన్ జంగా బాలనర్సింహ గారు ఇబ్రహీంపట్నంలో ప్రకటించారు. అంతకు పావుగంట ముందే ఆయన డిగ్రీ కాలేజీ సైన్స్ ప్రదర్శనలో నందిని గీసిన పటం ముందు ఆగారు.

నందిని అక్కడ ఫిజిక్స్ కాంట్రాక్టు లెక్చరర్. రెండు చేతులు చాచినట్టు సుడి తిరిగిన ఒక గెలాక్సీలో వాయు మేఘాలు ఎక్కడెక్కడ ఉన్నాయో నాలుగేళ్లు కష్టపడి లెక్కగట్టి, ఎర్ర బొట్లతో గుర్తించింది. నక్షత్రాలు పుట్టేది ఆ మేఘాల్లోనే.

"మేఘాలన్నీ నడిమిట్ల, ఈ రెండు చేతులల్లనే కుప్పవోసినట్టున్నయేందమ్మా?"

"గవి అట్లనే ఉంటయ్ సార్. చేతుల నడుమ తక్కువ. అంచుకు పోయినకొద్దీ ఇంకా తక్కువ."

"మన ఊరు యాడున్నది?"

"ఈ పటంల మన ఊరు లేదు సార్."

చైర్మన్ గారి కళ్లు చెమర్చాయి. "చూసిన్రా, పటంలనే లేకుండ చేసిన్రు" అని కార్యకర్తల వైపు తిరిగారు.

మధ్యాహ్నానికి, మేఘాలను సమంగా పంచాలంటూ సాగర్ రోడ్డు మీద రాస్తారోకో మొదలైంది. బస్సులు డిపో గేటు దాటలేదు. బొంగులూరులో ప్లాట్లమ్మే వెంచర్ల వాళ్లు టెంట్లు పంపించారు. మర్నాడు తొమ్మిదిమందితో కమిటీ వేశారు. వాళ్లలో ఆకాశం వైపు చూసే అలవాటున్నది ఇద్దరికే, అదీ వాన కోసం.

మూడో రోజు ప్రిన్సిపాల్ అరుణజ్యోతి నందినిని పిలిచింది.

"ఏం పోతదమ్మా, మేఘాలను జర అటిటు జరుపు. నీ రెన్యువల్ కాగితం చైర్మన్ సార్ చెప్తేనే కదులుతది."

నందిని ఖాళీ క్లాసురూములో కూర్చుని చేతుల్లోని మేఘాలన్నీ చెరిపేసి, అంగుళానికొకటి చొప్పున పరిచింది. నాలుగేళ్లు వెతికి పట్టినవి గంటలో సర్దుకున్నాయి. గెలాక్సీ అమ్మవారు పోసిన మొహంలా తయారైంది. చూడొచ్చిన చైర్మన్ గారు నడిమి కుప్పను మాత్రం ముట్టనివ్వలేదు.

"గది హైకమాండ్. ఉండనీ."

విజయోత్సవ సభలో నందినికి సన్మానం పెట్టారు. వేదిక మీద ఆమె మెల్లగా అంది:

"సార్, గింత పలచగ పరిస్తే కొత్త నక్షత్రాలు పుట్టయ్."

"మంచిదే. ఉన్నోళ్లకే పదవులు సరిపోతలేవు."

శాలువా భుజాల మీద పడుతుండగా నందినికి ఇక ఉండబట్టలేదు. "సార్, ఇది మన గెలాక్సీ గాదు. వేరేది. ఆడికెళ్లి వెలుగు ఈడికి రానీకె మూడు కోట్ల ఏండ్లు పడ్తది."

చైర్మన్ గారు శాలువా కొస వదలకుండానే ఆమె వైపు వంగారు.

"మరి మనది ఎట్లున్నది?"

"అది గూడ మొదటి పటం లెక్కనే సార్. మేఘాలు ఉన్నకాడనే ఉన్నయ్."

"అంటే మనోళ్లది ఒక్క మేఘం గూడ కదలలే."

"కదలలే సార్."

ఆయన ముఖం విప్పారింది. మైకు దగ్గరికి జరిగి, గొంతు సవరించుకుని, పంపిణీ విజయవంతంగా పూర్తయిందని ప్రకటించారు.

అందరితో పాటు నందిని కూడా చప్పట్లు కొట్టింది.