పెంచలయ్య చెప్పిన చోటు

జువ్వలదిన్నె హార్బరులో పడవల సొసైటీకి కొత్తగా వచ్చిన ఏంజెలిన్ ఆ ఉదయం పెట్టుకున్నది చిన్న పనే. ఎవరు ఎక్కడ వేటాడబోతున్నారో ముందురోజే డేటాబేసులో రాయించుకుంటారు, గాలివాన వస్తే వెతకడానికి. ఆమె రాసిన ప్రొసీజరు, అంటే చిన్న ప్రోగ్రాము, దాన్ని చదివి, సరిచూసుకోవడానికి ఎవరి చోటు వాళ్ళ ఫోనుకు పంపాలి. సజావుగా జరిగితే ఉద్యోగం ఖాయం, లేదంటే ఇంటికే. సెక్రటరీ నరేంద్రబాబుకు నాన్చుడు తెలియదు.

అయితే వేటాడే చోటు బయటపెట్టే మత్స్యకారుడు ఎక్కడైనా ఉంటాడా? కట్టుకున్న పెళ్ళానికే చెప్పరు. జాబితాలో మొదటి పడవ ఆసామి పెంచలయ్య ఒక్కడే "పాత లైట్‌హౌసుకు తూర్పున, పది బారల నీళ్ళు" అని రాయించాడు. మిగతావాళ్ళు ఖాళీగా వదిలేశారు.

ప్రొసీజరు పెంచలయ్య చోటును వేరియబుల్ అనే గిన్నెలో వేసుకుని పంపింది. రెండో పడవకు ఏమీ దొరకలేదు. దొరకకపోతే వేరియబుల్ దానంతటదే ఖాళీ అవుతుందని ఏంజెలిన్ నమ్మకం. ఎందుకవుతుంది? కడగని గిన్నెలో పాత కూర ఉన్నట్టు పెంచలయ్య చోటే ఉండిపోయి, ఊరందరికీ అదే వడ్డన అయింది. ప్రొసీజరు పాపం రెండు ఫలితాలు తెచ్చింది: పంపిన మెసేజులు, చోటు చెప్పని పడవలు. ఆమె కంప్యూటరు తెర మొదటిదాన్నే చూపింది.

"మెసేజులన్నీ పోయినాయి సార్" అంది నరేంద్రబాబుతో సంతోషంగా.

"సొసైటీవాళ్ళు చేపలుండే చోటు చెప్పినారంట" అని రేవంతా గుప్పుమంది. ఏంజెలిన్ కిటికీలోంచి చూసేసరికి పడవలన్నీ బారుతీరి తూర్పుకు పోతున్నాయి. పుట్టి బుద్ధెరిగాక అంత అందం చూడలేదామె. ఎక్కడ తప్పు జరిగిందో అర్థమవుతున్నా కళ్ళు తిప్పుకోలేకపోయింది.

"పెంచలయ్య చోటు ఊరంతా చాటినావంటనే" అన్నాడు నరేంద్రబాబు.

"వేరియబుల్ ఖాళీ చేయలేదు సార్. తప్పు నాదే."

"ఆయనొచ్చి అడిగితే ఆ మాటే చెప్పు. చెప్పి, సామాను సర్దుకో."

సాయంత్రం పడవలు అంచులదాకా మునిగి వచ్చాయి. వంజరం, చందువ చేపలు, కుప్పలు కుప్పలు! అరిచే రేవు కాస్తా నోరు తెరుచుకుని నిలబడిపోయింది. ఏంజెలిన్ దేవుడికి స్తోత్రం చెప్పుకుంది.

చివరగా పెంచలయ్య వచ్చాడు, ఉత్త వలతో. నేరుగా ఆఫీసులోకి నడిచాడు. నరేంద్రబాబు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"నాకూ వచ్చింది తల్లీ ఆ మెసేజి" అన్నాడు పెంచలయ్య నీరసంగా. "నేను చెప్పిన అబద్ధమే కదా అని నమ్మలా. నా అసలు చోటికి నేను పోయినా. రేపు నువ్వేం పంపితే అక్కడికే పోతా."

ఏంజెలిన్ ఉద్యోగం ఆ పూటే ఖాయమైంది. వేరియబుల్‌ను ఖాళీ చేసే ఒక్క వరుసను మాత్రం సొసైటీ ఆమెను రాయనివ్వలేదు.