ఊర్ధ్వ ప్రయాణానుభవం

అర్థమయ్యేలా రాసేవాణ్ణి వెంటనే ఉద్యోగంలోంచి తీసెయ్యాలి! ఇది నా నిశ్చితాభిప్రాయం.

ఇంగ్లీషులో 'నాన్సెన్సిఫై' అని ఓ అరుదైన క్రియ ఉందట. శుభ్రంగా అర్థమున్నదాన్ని పట్టుకుని అర్థం పర్థం లేకుండా చెయ్యడమన్నమాట. పాపం, ఆ మాట పుట్టించినవాళ్ళే దాన్ని అటకెక్కించారు. మనకు మాట లేకపోతేనేం, పని మాత్రం పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఐదింటిదాకా నడుస్తూనే ఉంటుంది! మా ఆఫీసులో ఆ సీటు నాదే. నోటీసులు దిద్దుతాను.

మొన్న మా లిఫ్టు మెకానిక్ ఓ చీటీ పంపాడు. "తాడు తెగేలా ఉంది. ఎవరూ ఎక్కొద్దు."

చూశారా మోటుతనం! నలుగురు చదువుకున్నవాళ్ళకు చెప్పే తీరేనా ఇది?

సూపర్వైజరు 'తెగేలా' కొట్టేసి 'అలసినట్టు' అని రాశాడు. మేనేజరు గారికి అసలు తాడే నచ్చలేదు. "తాడంటే మనదేదో పాడుబడ్డ నుయ్యి అనుకుంటారయ్యా" అన్నారు. చివరికి నా బల్ల మీదికొచ్చింది. నేను మెరుగులు దిద్దాక లిఫ్టు తలుపుకి అతికించింది ఇదీ: "మీ ఊర్ధ్వ ప్రయాణానుభవం నవీకరణ దశలో ఉన్నది. మీ సహకారమే మా బలం."

సహకారమే బలమని తెలిశాక జనం ఆగుతారా? పదకొండుమంది సంతోషంగా ఎక్కారు!

ఇంతలో మెకానిక్ పరిగెత్తుకొచ్చి తలుపుకి అడ్డం పడ్డాడు. "దిగండి బాబూ, చస్తారు!" అని అరిచాడు. ఒకరినొకరు తోసుకుంటూ అందరూ బయటపడ్డారు. మరుక్షణం తాడు తెగింది. ఖాళీ పెట్టె అడుక్కి పోయి పచ్చడైంది.

'చస్తారు' అన్నందుకు మెకానిక్‌కి మెమో ఇచ్చాం. అదీ నేనే రాశాను. అది మెమోనో ప్రమోషనో తెలియక పాపం ఇంకా అందరికీ చూపించి అడుగుతున్నాడు.

ఆ పదకొండుమందిలో ఆఖరున దిగింది మా ఆవిడ. అదే భవనంలో ఏడో అంతస్తులో పనిచేస్తుంది. ఆమె ఆ లిఫ్టులో ఉందని నాకు తర్వాత తెలిసింది. నిజం చెబుతున్నాను, అంత భయం నేనెప్పుడూ ఎరగను.

ఇంటికొచ్చాక ఆమె చెప్పులైనా విప్పకుండా కుర్చీలో కూలబడింది. మంచినీళ్ళ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని అడిగింది. "ఆ నోటీసు రాసిన దద్దమ్మ ఎవరండీ?"

'నేనే.' రెండంటే రెండక్షరాలు. నాలిక చివరిదాకా వచ్చాయి కూడా. కానీ ఇరవయ్యేళ్ళ సర్వీసు ఊరుకుంటుందా?

"సదరు అంశం సంబంధిత స్థాయిలో పరిశీలనలో ఉన్నది" అన్నాను.

మా ఆవిడ గ్లాసు కింద పెట్టి నా మొహంలోకి చూసింది. ఇరవయ్యేళ్ళలో నా వాక్యం ఒక్కటైనా ఎవరికీ అంత త్వరగా అర్థం కాలేదు.