మా బావమరిది చేసిన హెడర్ వర్ధిల్లాలి!

కారు చెడిపోతే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లేవాళ్లంత అమాయకులు ఈ లోకంలో ఇంకొకరు లేరు! మెకానిక్ ఏం చేస్తాడు? పొద్దున తీసుకుని సాయంత్రానికి ఇచ్చేస్తాడు. ఇక మనిషికి ఓర్పు అలవడేదెప్పుడు? కాళ్లకు నడక వచ్చేదెప్పుడు? అందుకే నా విన్నపం. మీకు చిన్న కారంటూ ఉంటే, దాన్ని ఇంట్లో సొంతంగా హెడర్ తయారుచేసే మహానుభావుడికి అప్పగించండి. నేను అప్పగించాను. ఏడు నెలలైంది.

హెడర్ అంటే ఏమిటో తెలియని అదృష్టవంతుల కోసం చెబుతున్నాను. ఇంజిన్ వదిలే పొగను సైలెన్సర్ దాకా మోసుకెళ్లే పైపుల గుత్తి అది. కారుతో పాటు కంపెనీవాడు ఇచ్చేది నోరు మూసుకుని పని చేసుకుపోతుంది. అందులో గొప్పేముంది? అదే మనం పైపులు కొని, కోసి, వంచి, అతికించి చేసుకుంటే ఇంజిన్‌కి ఊపిరి బాగా ఆడుతుందట. బలం పెరుగుతుందట. ఈ ‘అట’లన్నీ మా బావమరిదివి.

మా బావమరిదికి వారంలో ఐదు రోజులు కంప్యూటర్ ముందు ఉద్యోగం. శని, ఆదివారాలు శాస్త్రవేత్త. మా మామగారింటి వెనకున్న రేకుల షెడ్డు అతని ప్రయోగశాల. నా మూడు సిలిండర్ల కారు ఏడు నెలలుగా అక్కడే బానెట్ తెరుచుకుని నిలబడి ఉంది. "రెండ్రోజులు ఆగు బావా! మూడో రోజు నీ కారు నువ్వే గుర్తుపట్టలేవు," అన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు. నిజంగానే గుర్తుపట్టలేకపోతున్నాను.

మా ఆవిడ ఆసుపత్రిలో పసిపిల్లల వార్డులో నర్సు. ఉదయం ఆరింటికల్లా అక్కడుండాలి. కారున్న రోజుల్లో పావుగంటలో చేరిపోయేది. ఇప్పుడు రెండు బస్సులు మారుతుంది. ఎంత లాభమో చూడండి! రోజూ సూర్యోదయం చూస్తోంది. కండక్టర్లతో పరిచయం పెరిగింది. ఆలస్యంగా వస్తున్నందుకు ఆసుపత్రివాళ్లు రెండు నోటీసులు కూడా ఇచ్చారు. మూడోది వస్తే వార్డు మార్చేస్తారట. ఆ పసిగుడ్లను వదిలి ఇంకో వార్డుకు వెళ్లమంటే మా ఆవిడకు ప్రాణం పోయినంత పని. అయినా తమ్ముణ్ణి ఒక్క మాట అననివ్వదు.

"వాడేదో కష్టపడి నేర్చుకుంటున్నాడు. మీ ఏడుపేంటి మధ్యలో?" అంటుంది, బస్సు కోసం పరిగెత్తుతూ.

నేనెందుకు ఏడుస్తాను? నాకంతా ఆనందమే! మూడు పైపులూ ఒకే పొడవుండాలట, అది శాస్త్రం. మా అత్తగారి కుట్టుమిషన్ టేపుతో కొలిచాడు. ఒక పైపు అంగుళం పెరిగిందని కోశాడు. దానికి సరిపడా మిగిలిన రెండూ కోశాడు. ఇలా కోసుకుంటూ కోసుకుంటూ పోయి, చివరికి మూడూ ఒకే పొడవుకు వచ్చాయి. ఇంజిన్ నుంచి సైలెన్సర్ దాకా మాత్రం అందలేదు. మళ్లీ కొత్త పైపులు తెచ్చాడు. పట్టుదలంటే అదీ!

రెండో జత అందింది. కానీ మధ్య పైపు ఒకటి వంపు తిరిగి, ఆయిల్ మట్టం చూసే పుల్ల మీదికి ఎక్కి కూర్చుంది. ఇప్పుడు ఇంజిన్‌లో ఆయిల్ ఉందో లేదో చూడాలంటే హెడర్ మొత్తం విప్పాలి. అయితే ఏం? ప్రతిదానికీ లోపలికి తొంగిచూసే అనుమానపు బుద్ధి మనకెందుకండీ?

ఇంతకీ ఈ విద్య ఎక్కడ నేర్చాడనుకున్నారు? వీడియోల్లో! గురువుగారు ఏ దేశంలో ఉంటాడో తెలియదు. చేతులనిండా పచ్చబొట్లు. ఆయన ఒక నిమిషం మాట్లాడితే మావాడు నాలుగుసార్లు వెనక్కి తిప్పి వింటాడు. చెవుల్లో రెండు బిరడాలు, కళ్లు ఫోన్లో, చేతిలో గ్రైండర్. ఆ శ్రద్ధలో సగం బళ్లో చూపించి ఉంటే వాళ్ల మాస్టారు ఆనందంతో పోయేవాడు.

షెడ్డు గుమ్మంలో ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంటుంది. అందులో మా మామగారు కూర్చుంటారు. నలభై ఏళ్లు సైలెన్సర్లకు వెల్డింగ్ చేసి రిటైరైన మనిషి. ఆయన సంగతి మనకు అనవసరం. ఆయనకు చానెల్ లేదు.

పోయిన ఆదివారం హెడర్ బిగించే ముహూర్తం వచ్చింది. మూడు పైపుల మొదళ్లనూ కలిపి పట్టే మందపాటి ఇనుప పలక ఒకటుంటుంది, ఫ్లాంజి అంటారు. దాన్ని ఇంజిన్‌కి ఆనించి బోల్టులు బిగించాలి. మొదటి బోల్టు ఎక్కింది. రెండోది ఎక్కింది. ఇటు బిగిస్తే అటు లేస్తోంది, అటు బిగిస్తే ఇటు లేస్తోంది. పలక ఎండకు వంగిన అట్టముక్కలా వంకర తిరిగి ఉంది. మావాడు వెనకడుగు వేశాడా? లేదు! సుత్తి తీశాడు. నాలుగు దెబ్బలు వేసి, సందుల్లో ఏదో ముద్ద కూరి, కారు స్టార్ట్ చేశాడు.

ఆహా, ఏం చప్పుడండీ! పక్కింటాయన గడ్డం సగం గీసుకుని గేటు దాకా పరిగెత్తుకొచ్చాడు. నేను ఉబ్బితబ్బిబ్బై కార్లో కూర్చున్నాను. రెండు నిమిషాలకు కళ్లు మండాయి, మూడో నిమిషానికి తల తిరిగింది. పొగ సైలెన్సర్ దాకా వెళ్లే శ్రమ తీసుకోకుండా పలక సందుల్లోంచి నేరుగా నా దగ్గరికే వస్తోంది.

"కొంచెం లీకుంది బావా. అద్దాలు దించుకుని నడుపు," అన్నాడు మా శాస్త్రవేత్త.

ఆ కార్లో మా ఆవిణ్ణి ఎలా పంపను? పంపలేదు. సోమవారం బస్సు తప్పింది, మూడో నోటీసు వచ్చింది, వార్డు మారింది. ఆ సాయంత్రం మా ఆవిడ వంటింట్లో పంపు తిప్పి వదిలేసి, ఆ చప్పుడులో ఏడ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది.

నేరుగా షెడ్డుకు వెళ్లాను. బావమరిది లేడు. మామగారు, మళ్లీ విప్పేసి ఉన్న హెడర్‌ని ఒళ్లో పెట్టుకుని, ఫ్లాంజి అంచు మీద బొటనవేలు నడిపిస్తున్నారు.

"దీన్ని ఇంజిన్‌కి బిగించాక వెల్డింగ్ పెట్టాలి బాబూ," అన్నారు. "విడిగా బల్ల మీద పెడితే వేడికి వంగిపోతుంది. పనిలో చేరిన మొదటి నెల్లోనే నేర్పేవాళ్లు మాకు."

"మరి ముందే చెప్పలేకపోయారా మామయ్యగారూ!"

"రెండుసార్లు చెప్పాను. చెవుల్లో అవి పెట్టుకున్నాడు కదా, వినపడలేదు." మళ్లీ ఆ అంచు తడుముతూ, "మీకూ మొదటిరోజే చెప్పాను," అన్నారు.

నాకు గుర్తొచ్చింది. అసలు నా కారుకు వచ్చిన జబ్బేమిటో తెలుసా పాఠకులారా? సైలెన్సర్ పైపుకు బఠాణీ గింజంత చిల్లు! ఆ రోజు ఈయన కుర్చీ దిగి, నేలమీద వెల్లకిలా పడుకుని చూసి, "చిన్న చిల్లే బాబూ, పావుగంట పని, నే చేస్తా," అన్నారు. బలం పెరుగుతుందని అవతల బావమరిది ఊరిస్తున్నాడు. నేను ఈయన తలమీదుగా చెయ్యి చాచి తాళాలు వాడికిచ్చాను. కనీసం వద్దని కూడా అనలేదు ఈయనతో.

సిగ్గు విడిచి అడిగాను. "ఇప్పుడు చేసిపెడతారా మామయ్యగారూ? పాతది బిగించేసి, ఆ చిల్లు పూడిస్తే చాలు."

ఆయన హెడర్‌ని పక్కన పెట్టారు. "అప్పుడైతే చేసేవాణ్ణి. ఈ ఆర్నెల్లలో చూపు బాగా పోయింది బాబూ. కంట్లో నరం దెబ్బతిందట, ఇక రాదన్నారు. మంట పెడితే అతుకు ఎక్కడుందో తెలీడం లేదు."

"మాకెవరికీ చెప్పలేదే!"

"ఎవరడిగారు?" అన్నారు, కోపం లేకుండానే.

కాబట్టి, పాఠకులారా, నిస్సంకోచంగా ఇంట్లోనే హెడర్లు చేసుకోండి. ఒక్క జాగ్రత్త మాత్రం మరిచిపోకండి. షెడ్డు గుమ్మంలో కుర్చీ వేసుకుని పని తెలిసిన ముసలాయన ఎవరైనా కూర్చుని ఉంటే, ముందు ఆ కుర్చీని గోడవైపు తిప్పేయండి. లేకపోతే పొరపాటున పని నేర్చుకునే ప్రమాదం ఉంది.