రెండో బ్రేకు

సీరియళ్ళు కొంపలు ముంచుతాయని ఎవరన్నారు? నన్నడిగితే, ఏ డాక్టరూ కనిపెట్టలేని జబ్బును సీరియల్ ఇట్టే కనిపెడుతుంది. అపాయింట్‌మెంట్ కూడా అక్కర్లేదు! నమ్మరా? మా వీధి చివర డ్రైవింగ్ స్కూల్ మాస్టారినే చూడండి.

మాస్టారి కారులో ఆయన కాలి కింద కూడా ఒక బ్రేకుంటుంది. నేర్చుకునేవాళ్ళు గోడను గుద్దకుండా ఇరవై రెండేళ్ళుగా ఆయన దాన్ని తొక్కుతూనే ఉన్నారు. ఇక సాయంత్రాలు ఇంట్లో భార్యా కూతురూ చూసే సీరియల్‌లో ఒక తండ్రి ఉన్నాడు. ఎవరినీ మాట పూర్తి చెయ్యనివ్వడు. ఎవరు నోరు తెరిచినా "నాకు తెలుసు" అని చెయ్యి అడ్డం పెడతాడు.

"ఛీ, ఏం మనిషి!" అని మొదట్లో అందరికన్నా గట్టిగా తిట్టింది మాస్టారే.

"అవునండీ, అచ్చం..." అని భార్య అనబోయింది.

"నాకు తెలుసులేవే, అచ్చం మీ అన్నయ్య!" అని తేల్చేశారు.

అప్పటినుంచి తల్లీకూతుళ్ళు ఆయనకు చెప్పాల్సినవన్నీ టీవీకే చెప్పడం మొదలుపెట్టారు. "ఒక్క ముక్క విను మహానుభావా!" అని భార్య టీవీకి దణ్ణం పెట్టేది. మాస్టారు వంత పాడేవారు. ఎంత అన్యోన్యమైన సంసారం!

నాలుగు వందల పన్నెండో ఎపిసోడ్‌లో, సీరియల్ కూతురు కళ్ళనీళ్ళతో "నాన్నా, ఒక మాట" అంది. తెరమీద తండ్రి చెయ్యి లేచింది. సరిగ్గా అప్పుడే సోఫాలో మాస్టారి కుడికాలు టప్పున నేలను తొక్కింది.

తల్లీకూతుళ్ళు టీవీని వదిలేసి ఆ కాలినే చూశారు. మాస్టారూ చూసుకున్నారు. సిగ్గుపడుతూ కూతురి వైపు తిరిగారు.

"అమ్మాయ్, మొన్నేదో చెప్పాలన్నావు కదా?"

"మొన్న కాదు నాన్నా, ఆర్నెల్లయింది."

మాస్టారు కాళ్ళు రెండూ సోఫా మీదికి లాక్కుని మఠం వేసుక్కూర్చున్నారు. "చెప్పు తల్లీ."

"నాకు డ్రైవింగ్ లైసెన్సొచ్చింది. బజారవతల స్కూల్లో నేర్చుకున్నాను. ఆ సారు వైపు కూడా బ్రేకుంది నాన్నా. నెలంతా కలిపి రెండుసార్లే తొక్కారు."

 పాపం మాస్టారు, మధ్యలో అడ్డు రాలేదు.

చూశారా సీరియల్ మహిమ! ఒకే గదిలో కూర్చునే ముగ్గురి మధ్య ఒక్క మాట పూర్తి కావడానికి నాలుగు వందల పన్నెండు ఎపిసోడ్లు చాలాయి!

ఈ కథంతా మా ఆవిడకు చదివి వినిపించాను. "ఏమండీ, మీరు కూడా..." అంటూ ఏదో అనబోయింది.

నాకు తెలుసులెండి, మాస్టారి గురించే!