గట్టుదే తప్పు

నాకు నడవడం రాదన్న సంగతి కిందటేడు నవంబరు పన్నెండో తారీకున, దిబ్బరొట్టె బెల్లం పానకంలో ముంచుకుని తిన్న గంటకి తెలిసింది. అంతవరకూ అరవై ఏడేళ్లపాటు నడుస్తున్నానన్న భ్రమలో బతికాను.

కోప్పడకండి, మీరూ ఆ భ్రమలోనే ఉన్నారు. మా అనకాపల్లిలో ఒక ఆసుపత్రివారు నడకను కొలిచే యంత్రం పెట్టారు. మన ఊరికి ఇంతటి మేలు మరెవరూ చెయ్యలేదని గట్టిగా వాదించదలుచుకున్నాను.

ఆ దిబ్బరొట్టె చేసిపెట్టింది మా ఆవిడ వదినగారు పైడితల్లి. మా ఆవిడ పోయి ఆరేళ్లయినా ఆ ఇంట్లో నాకు పీట వెయ్యడం మానలేదు. పైడితల్లి భర్త దేముడు, అంటే మా ఆవిడ అన్న, తుమ్మపాలలో చెరకు రైతు. వానాకాలంలో ఆయన కుడి మోకాలికి ఆపరేషన్ చేసి కొత్త కీలు వేశారు. అది ఎలా పనిచేస్తోందో చూస్తాం రమ్మన్నారు. పరిశోధన కాబట్టి ఖర్చు లేదన్నారు. నేను తోడు వెళ్లాను.

గది చుట్టూ కెమెరాలు. మధ్యలో అద్దంలాంటి నున్నటి దారి. దేముడు బావకి నిక్కరు తొడిగి తుంటికీ, మోకాలికీ, చీలమండకీ మెరిసే తెల్ల గోళీలు అంటించారు. ఆయన ఇక్కడ నడిస్తే కంప్యూటర్‌లో ఓ పుల్లల మనిషి నడుస్తాడు. పరిశోధనకి పెద్ద దేవీప్రసాద్ గారు ఆ పుల్లల మనిషిని చూసి పెదవి విరిచారు.

"పర్లేదు. మూడు నెలల్లో మిమ్మల్ని మామూలు మనిషిని చేస్తాం" అన్నారు.

బావ నా చెవి దగ్గరకొచ్చాడు. "మామూలు అడుగుతన్నాడేటి బావా? కర్సు లేదన్నారు కదా."

"అది కాదు బావా. మామూలంటే అందరిలాగా అని."

"అందరిలాగే కదా నడుత్తన్నాను."

కాదట. రిపోర్టు తెలుగులో కూడా ఇచ్చారు, ఆ మాత్రం దయ ఈ రోజుల్లో ఎవరికుంది? అందులో 'తప్పటడుగులు: అధికం' అని ఉంది. పైడితల్లి దాన్ని కూడబలుక్కుని చదివి మొగుణ్ని ఎగాదిగా చూసింది.

"ఈ వయసులో తప్పటడుగులేటి? ఆసుపత్రని సెప్పి ఎక్కడికెల్తన్నావు?"

బావ చేసిన నేరమేమిటంటే, ఒక పాదం ముందు ఇంకో పాదం గీత గీసినట్టు వేస్తాడు. మామూలు మనిషైతే రెండు పాదాల మధ్య బెత్తెడు ఎడం ఉండాలి.

ఊరికే కూర్చున్నానని నన్నూ నడిపించారు. నా పొడుగుకి నా అడుగు మరీ చిన్నదని తేలింది. కారణం తెలియదని రాశారు. నాకు తెలుసు. మా ఆవిడ పొట్టి మనిషి, ముప్ఫయ్యేళ్లు ఆమె పక్కన నడిచాను. అది రాయడానికి యంత్రంలో గడి ఉన్నట్టు లేదు, అందుకని ఊరుకున్నాను.

ఇంతకీ ఎవరీ మామూలు మనిషి? గోళీలు అంటించిన తహ్మీనా అనే అమ్మాయిని అడిగాను. ఫిజియోథెరపీ చదువుకుని అక్కడే పనిచేస్తోంది.

"మా హాస్టల్ అబ్బాయిలు సార్, ఇరవై మంది. అప్పుడు వాళ్లే దొరికేరు. సమోసాలు పెట్టి నడిపించేం."

ఎంత సుఖమైన పద్ధతో చూడండి! మామూలు మనిషి కోసం దేశమంతా గాలించనక్కర్లేదు. ఇరవయ్యేళ్ల వయసు, కాళ్లకి బూట్లు, సమోసా మీద ఆశ. ఈ మూడూ ఉన్నవాడు మామూలు మనిషి, తక్కిన జిల్లా అంతా రోగులు. బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసే కళాసీది రోగం. నూకాలమ్మ జాతరలో చంకన పిల్లనీ నెత్తిన చలిమిడినీ పెట్టుకుని నడిచే తల్లిది రోగం. వానపడ్డ రోజున మెయిన్ రోడ్డు మీద కాలవ పలకలు తప్పించుకుంటూ మనం వేసే అడుగులు చూస్తే ఆ యంత్రం నాట్యమనుకుని మనల్ని వేరే శాఖకి పంపించేస్తుంది.

బావకి మాత్రం ఒక్కటే కోరిక. గట్టు మీద నడిచి తన చెరకు తను చూసుకోవాలి. ఆపరేషన్ అయ్యాక పొలం మొహం చూడలేదు. పక్క మడి త్రినాథ్ అప్పటికే రెండుసార్లు వచ్చి, "ఇంకేటి సేత్తావు మామా, కౌలుకిచ్చెయ్" అని టీ తాగి వెళ్లాడు. పొలం కౌలుకిచ్చిన మర్నాడు బావ పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్తాడు?

అందుకని శ్రద్ధగా నేర్చుకున్నాడు. అద్దం ముందు, ఎడంగా గీసిన రెండు గీతల మీద, హాస్టల్ కుర్రాడిలా నడిచాడు. నూటికి తొంభై రెండు మార్కులొచ్చాయి. ఫొటో తీసి ఆసుపత్రి గోడకి పెట్టారు.

ఆ తొంభై రెండు మార్కులతో ఫిబ్రవరిలో గట్టెక్కాడు. గట్టు మీద కాలిబాట ఒక్క పాదం పట్టేంత ఉంటుంది. మామూలు మనిషిలా రెండో పాదం ఎడంగా వేశాడు. అక్కడ గట్టు లేదు, నీళ్లు పెట్టిన త్రినాథ్ మడి ఉంది.

"సెప్పేనా మామా" అన్నాడు త్రినాథ్ గట్టు మీద నిలబడి.

"సెప్పేవులే. ముందు సెయ్యియ్యి."

కొత్త కీలు చెక్కు చెదరలేదు. దాన్ని తయారుచేసినవాళ్లకి చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను, ఈ ఒక్క మాటా వ్యంగ్యం కాదు. చెదిరింది పైడితల్లి. "ఇంక సాలు. ఉగాదికి కౌలుకిచ్చెయ్" అంది.

దేవీప్రసాద్ గారిని అడిగాం. ఆయన కంప్యూటర్ చూసి చెప్పారు: "నడకలో తప్పేమీ లేదండీ. గట్టు వెడల్పు చేయించుకోండి."

"మొదటి రోజు తీసిన పాత నడక ఉంటుంది కదా, అది చూసి..." అని నసిగాను.

"అవి అవుట్‌లయర్స్, అంటే గుంపులో కలవనివండీ. సగటు పాడైపోతుందని తీసేశాం."

ఇంటికొచ్చి ఆలోచిస్తే నాకు జ్ఞానోదయమైంది. తప్పు గట్టుదే! ఎలమంచిలి నుంచి కోటవురట్ల దాకా గట్లన్నీ వెడల్పు చేసెయ్యాలి. పొలం కాస్త తగ్గుతుంది. ఇంకా వెడల్పు చేస్తే ఈ గట్టూ ఆ గట్టూ కలిసిపోయి పొలమే ఉండదు. పొలం లేకపోతే గట్టు మీద నడిచే పనీ ఉండదు, రోగం కుదిరిపోతుంది. కాలికి తగ్గ చెప్పు కుట్టడం పాత పద్ధతి. చెప్పుకి తగ్గట్టు కాలు చెక్కడమే అభివృద్ధి.

ఇక్కడితో నా పొగడ్త ముగించేవాణ్ని. కాని ఆ ఆసుపత్రిలో ఒక అక్రమం జరిగింది, పాఠకుల దృష్టికి తేవడం నా విధి.

ఉగాదికి పదిరోజుల ముందు, సాయంత్రం ఆ గది కట్టేసే వేళ బావ తహ్మీనా ముందు నిలబడ్డాడు.

"నా పాత నడక నాకిచ్చెయ్యమ్మా" అన్నాడు. "నువ్వే కదా తీసుకున్నావు."

దేవీప్రసాద్ గారు మెట్లు దిగుతున్న చప్పుడు వినిపించింది. అది పూర్తిగా ఆగేదాకా ఉండి ఆ అమ్మాయి కెమెరాలన్నీ ఆపేసింది. సొరుగులోంచి ప్లాస్టర్ చుట్ట తీసింది.

"గట్టు ఎంతుంటాది మావయ్యా?"

బావ రెండు చేతులూ పెట్టి చూపించాడు. ఆ కొలతకి ఆ నున్నటి నేల మీద రెండు పట్టీలు అంటించింది.

"వీటి మద్దిలో నడండి. మీకెలా వత్తే అలాగే. పడితే నేను పట్టుకుంటాను."

బావ లుంగీ ఎగ్గట్టాడు. పాదం ముందు పాదం పెట్టాడు. తూలాడు. ఆ అమ్మాయి పట్టుకుంది. మళ్లీ పెట్టాడు.

ఇది సైన్సుకి ద్రోహం కాదా? ఎంతో కష్టపడి సంపాదించిన తొంభై రెండు నా కళ్లెదుటే దిగిపోతోంది, కొలవడానికి ఒక్క కెమెరా లేదు. సైన్సు పక్షపాతిగా నేను వెంటనే కిందికి వెళ్లి పెద్దాయనతో చెప్పవలసింది. బావకి తోడు వచ్చినవాణ్ని, గుమ్మంలోనే నిలబడ్డాను.

"సార్, లోపలికైనా రండి, బయటికైనా వెళ్లండి. ఎవరైనా చూత్తారు" అంది తహ్మీనా.

నేను లోపలికే వచ్చాను. ఆ అమ్మాయి చప్పుడు కాకుండా తలుపు మూసింది.