డెబ్బై అయిదు సుమ్మాలు

మనిషికి నిజమైన సుఖం లోపలి నుంచే రావాలనీ, అయితే అది వచ్చేటప్పుడు సరైన కౌంటరు గుండా, సరైన ఫారంతో, పనివేళల్లో మాత్రమే రావాలనీ అంతర్నిశ్చలత్వ నిర్వహణ మండలి తీర్మానించింది. ఇలాంటి మండలి ఒకటి పుదుచ్చేరిలో ఉన్నట్టు అప్పటిదాకా ఎవరికీ తెలియదు. (నిశ్చలంగా ఉండటమే దాని ఆశయం. ఏర్పాటైన ఆరేళ్ళూ ఆ ఆశయానికి కట్టుబడే ఉంది.) ఏడో ఏట ఏం పుట్టిందో ఏమో, ఒక్కసారిగా కదిలింది. పట్టణంలో ఎవరూ ఏ ప్రయోజనమూ లేకుండా ఎక్కడా కూర్చోరాదంది. జనం కూర్చునే ప్రతి తిన్నెకూ, మెట్టుకూ, బెంచీకీ దాని మీద కూర్చోవడం వల్ల నెరవేరే జీవిత ప్రయోజనాన్ని నలభై రోజుల్లోగా నమోదు చేయించాలంది. చేయించకపోతే పగలగొట్టి పట్టుకుపోతామని నోటీసులు అంటించింది.

అందులో ఒక నోటీసు బజారువీధిలో అశ్వత్థనారాయణ తిన్నె మీద పడింది.

అశ్వత్థనారాయణది తాళ్ళు, చేటలు, జల్లెడలు, చీపుర్లు అమ్మే కొట్టు. తాతల నాటిది. కొట్టు ముందర, పెంకుల చూరు కింద, కూర్చుని కూర్చుని నున్నబడ్డ రాతి తిన్నె ఉంది. ఆ బజారులో మధ్యాహ్నం ఒంటిగంటకు కొట్లు మూసి, నాలుగింటికి తెరుస్తారు. ఆ మూడు గంటలూ ఊరంతా ఇంటికి పోయి నడుం వాలుస్తుంది. అశ్వత్థనారాయణ మాత్రం గబగబా నాలుగు మెతుకులు తిని వచ్చి తిన్నె మీద కూర్చుంటాడు. నిద్రపోడు. పేపరు చదవడు. ధ్యానమా అంటే అదీ కాదు, కళ్ళు తెరిచే ఉంటాయి. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఇదే వరస. నాలుగింటికి లేచేసరికి ఆయనకు లోకంలో ఎవరి మీదా కోపం ఉండదు. జల్లెడ కొనడానికొచ్చి, ఇరవై జల్లెడలు వెలుగుకెత్తి చూసి, ఒక్కటీ కొనకుండా పోయేవాళ్ళ మీద కూడా ఉండదు. ఆయన బతుకులోని హాయి అంతా ఆ రాయి మీదే ఉందని భార్య కన్యకాపరమేశ్వరికి బాగా తెలుసు. అందుకే నోటీసు సంగతి వినగానే ఆమె పరుగున కొట్టుకు వచ్చింది.

"ఏమండీ, ఇది పోతే మీరు యాడ కూర్చుంటారు?"

"యాడా కూర్చోను," అన్నాడాయన. అన్నాక ఆ మాటకు ఆయనకే భయమేసింది.

మండలి కార్యాలయం పట్టణంలోనే సారం అనే పేటలో, ఒక మేడ మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు ఉంది గాని అది నిశ్చలంగా ఉంది. పైన ప్రాంతీయ నిశ్చలాధికారి, రెండో శ్రేణి, దొరైస్వామి కూర్చుని ఉన్నాడు. (మొదటి శ్రేణి నిశ్చలాధికారి పర్యటనలో ఉన్నారు. ఆయన ఎప్పుడూ పర్యటనలోనే ఉంటారు.) దొరైస్వామి నలభై ఏళ్ళవాడు, మెళ్ళో గుర్తింపు కార్డు, ముఖంలో మంచితనం.

"మీ మాతృభాష ఏందయ్యా?" అని తమిళంలో మొదలుపెట్టిన మాటను తెలుగులోకి తిప్పాడు, పేరు చూసి.

"తెలుగే సార్."

"మాదీ తెలుగే! కిరుమాంబాక్కం మాది." దొరైస్వామి పొంగిపోయి బీరువా అడుగునుంచి తెలుగు ఫారం దుమ్ము దులిపి తీశాడు. అంతరంగానికి సంబంధించిన ఫారాలు మాతృభాషలో ఉన్నవే వాడాలని మండలి నియమం. యానాం వాళ్ళ కోసం అచ్చువేయించినవి ఒక కట్ట ఇక్కడ మిగిలిపోయాయి. అశ్వత్థనారాయణ ఫారాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"నాకు చదవను రాదు సార్. తెలుగు ఇంట్లో మాట్లాడేదే. బళ్ళో చదివింది తమిళం."

"నాకు మాత్రం వస్తాదా ఏంది?"

ఇద్దరూ కాసేపు తమ మాతృభాషను గౌరవంగా చూస్తూ కూర్చున్నారు.

చివరికి దొరైస్వామే ఉపాయం చెప్పాడు. తమిళ ఫారం పక్కన పెట్టుకుని, అంకెను బట్టి అంకె చూసుకుంటూ నింపేద్దామన్నాడు. పేరు, వీధి, తిన్నె పొడుగు, వెడల్పు బాగానే సాగాయి. ఏడో ప్రశ్న దగ్గర బండి ఆగింది. 'కూర్చోవడం వల్ల నెరవేరే జీవిత ప్రయోజనం.' దాని కింద తమిళ ఫారంలో పదమూడు గళ్ళు. ధ్యానం, జపం, పశ్చాత్తాపం, బస్సు కోసం ఎదురుచూడటం, అలా పోయి పోయి పదమూడోది 'ఇతరములు.' తెలుగు ఫారంలో మాత్రం పద్నాలుగు గళ్ళున్నాయి.

"ఈ ఒకటి యాడనుంచి వచ్చింది?" అని దొరైస్వామి కళ్ళు చిట్లించి చూశాడు. "అచ్చుతప్పు," అని తేల్చి దాన్ని నిలువునా కొట్టేశాడు. (అనువాదకుడెవరో సొంత తెలివితో చేర్చిన ఆ పద్నాలుగో గడిలో 'ఊరకుండుట' అని ఉంది.)

"సెరి, చెప్పండయ్యా. ఆడ కూర్చుని ఏం జేస్తారు?"

"సుమ్మా," అన్నాడు అశ్వత్థనారాయణ. ఊరికే అనడానికి ఆ ఊళ్ళో తెలుగువాళ్ళూ వాడే తమిళ మాట అది.

"సుమ్మా అంటే?"

"సుమ్మా అంటే సుమ్మానే సార్."

"అదే, సుమ్మా ఎందుకు కూర్చుంటారు?"

"ఎందుకో తెలిస్తే అది సుమ్మా ఎట్లా అవతాది సార్?"

దొరైస్వామి పెన్ను కింద పెట్టాడు. ఆ మాటకు జవాబు చెప్పే అధికారం రెండో శ్రేణికి లేదు. 'ఇతరములు' కిందనే వేద్దామన్నాడు. అయితే 'ఇతరములు' అన్నవాళ్ళు తమ జీవిత ప్రయోజనాన్ని కనీసం నూట యాభై అక్షరాల్లో వివరించాలి. తమిళ లెక్కలో సుమ్మాకు మూడక్షరాలు, యాభై సుమ్మాలతో గట్టెక్కేవాళ్ళు. తెలుగు లెక్కలో రెండే. ఫారం తెలుగుది కాబట్టి డెబ్బై అయిదు సుమ్మాలు కొట్టక తప్పలేదు. దొరైస్వామి కంప్యూటరులో కొడుతుంటే అశ్వత్థనారాయణ వేళ్ళ మీద లెక్కపెట్టాడు. ఒకే మాట డెబ్బై అయిదు సార్లు రావడం చూసి కంప్యూటరు అది మంత్రమనుకుంది, దరఖాస్తును జపం విభాగంలో చేర్చుకుంది.

ఇక మిగిలింది నిరూపణ. ఇందుకోసం మండలి వారు 'నిమ్మళం' అనే యాప్ తయారుచేయించారు. దరఖాస్తుదారు దాన్ని ఫోనులో పెట్టుకుని, ఆ ఫోనును చొక్కా జేబులో వేసుకుని, ఇరవై ఒక్క రోజులు తన స్థలంలో కూర్చోవాలి. కదిలితే మార్కులు పోతాయి.

"ఇదేం కష్టం? మన పనే గదా," అనుకుంటూ మర్నాడు ఒంటిగంటకు ఆయన తిన్నె ఎక్కాడు. పావుగంటకల్లా జేబులో గంట మోగింది. "సాధకా! మీరు ప్రశాంతముగా ఉన్నారా? ఉన్నచో ఫోనును మూడుసార్లు గట్టిగా ఊపండి," అందొక ఆడగొంతు. ఆయన ప్రశాంతంగానే ఉన్నాడు గనక నిజాయతీగా ఊపాడు. "చలనము గుర్తించబడినది. మైనస్ పది," అంది గొంతు. రెండోసారి ఊపకుండా బిగదీసుకుని కూర్చున్నాడు. ఊపిరి పీల్చడం కూడా చలనమేనట, మళ్ళీ మైనస్ పది. నాలుగింటికల్లా పన్నెండుసార్లు గంట మోగి, మైనస్ నూట ఇరవై అయింది. నీడలో కూర్చున్న మనిషికి చెమటలు పట్టి చొక్కా తడిసిపోయింది.

పరుగున సారం వెళ్ళాడు. ఫిర్యాదుల కౌంటరు మూసి ఉంది. అది మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా మాత్రమే తెరుస్తారు. (వ్యాపారులకు ఆ వేళ తీరిక ఉంటుందని మండలి వారు ముందుచూపుతో పెట్టిన ఏర్పాటు.) మర్నాడు వెళ్ళి ఫిర్యాదు ఇస్తే టోకెను ఇచ్చారు. పరిష్కారమయ్యేదాకా ఆ టోకెను మీద రోజూ స్వయంగా వచ్చి ముద్ర వేయించుకోవాలి. ఒక్క రోజు తప్పినా ఫిర్యాదుతో పాటు దరఖాస్తూ రద్దు.

"ఎన్ని దినాలు సార్?"

"ఇరవై దినాల్లో అయిపోతాదయ్యా," అన్నాడు దొరైస్వామి, ఓదార్పుగా.

అదీ సంగతి. మధ్యాహ్నం మూడు గంటలు తిన్నె మీద కూర్చునే హక్కు కోసం అశ్వత్థనారాయణ ఆ మూడు గంటలూ సారంలో క్యూలో నిలబడసాగాడు. (క్యూ పక్కన కుర్చీలున్నాయి. వాటి జీవిత ప్రయోజనం ఇంకా నమోదు కాలేదని తాళ్ళతో కట్టేశారు. తాళ్ళు అశ్వత్థనారాయణ కొట్టులో కొన్నవే.) క్యూలో కదిలిన ప్రతి అడుగుకూ జేబులోని గొంతు మార్కులు తీసేస్తూనే ఉంది.

అయిదో రోజు సాయంత్రం కొట్టుకు ఒకావిడ వచ్చింది. జల్లెడ ఎత్తి వెలుగుకు పెట్టి చూసింది. ఇంకోటి ఎత్తింది. ఆరోది ఎత్తేసరికి అశ్వత్థనారాయణకు చిర్రెత్తుకొచ్చింది.

"కొంటావా, సూర్యుణ్ణి జల్లిస్తాండావా?" అని అరిచాడు.

ఆవిడ జల్లెడ అక్కడే పడేసి వెళ్ళిపోయింది. లోపలున్న కన్యకాపరమేశ్వరి చేట కింద పెట్టి బయటికి వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ళలో ఆ గొంతు అంత ఎత్తుకు పోవడం ఆమె ఎన్నడూ వినలేదు. ఆయన తలవంచుకుని నిలబడ్డాడు.

"పోనీండి, పగలగొట్టుకొని పోనీండి," అందామె, కళ్ళు తుడుచుకుంటూ. "మీరు ఇట్లా అయిపోతే నాకు ఆ రాయి ఎందుకు?"

"అది పోతే నేను ఇట్లానే ఉండిపోతానే," అన్నాడాయన.

ఆరో రోజు సారం పోయే బస్సు తప్పిపోతుందన్న కంగారులో ఆయన ఫోను తిన్నె మీదే మరిచిపోయాడు. కన్యకాపరమేశ్వరి చూసి, ఎవరి కళ్ళబడుతుందోనని దాని మీద ఒక జల్లెడ బోర్లించింది. సాయంత్రం ఆయన వచ్చి జల్లెడ ఎత్తేసరికి ఫోనులోంచి సన్నాయి మోగుతోంది. "అభినందనలు! పన్నెండు పిలుపులకూ చలించని మీరు పరమ నిశ్చలులు. పరమ నిశ్చలులకు పూర్వకర్మ అంటదు కావున పాత మైనస్ మార్కులు రద్దు చేయడమైనది," అంది గొంతు, ఎన్నడూ లేని ఆదరంతో.

"రేపట్నుంచి దాన్ని ఆడనే పెట్టి పోండి," అంది కన్యకాపరమేశ్వరి. "మీకంటే అదే బాగా కూర్చుంటాండాది."

అలా పదిహేను రోజులు ఫోను తిన్నె మీద చల్లగా కూర్చుంది, అశ్వత్థనారాయణ సారంలో నిలబడ్డాడు. ఇరవై ఒకటో రోజు మర్నాడు ఆయన వెళ్ళేసరికి దొరైస్వామి కుర్చీలోంచి లేచి చేతులు జోడించాడు.

"నూటికి నూరయ్యా! ఈ ఆఫీసులో ఇంతవరకు ఎవరికీ రాలేదు."

మరొకడైతే ఆ మాట పట్టుకుని మెట్లు దిగిపోయేవాడు. అశ్వత్థనారాయణ వల్ల కాలేదు. ఇన్నాళ్ళ ఉక్రోషం ఒక్కసారిగా పైకొచ్చింది.

"నేను ఆ తిన్నె మీద యాడ ఉండాను సార్? దినమూ ఈడనే, మీ ముందర నిలబడి ఉండాను. మీరే గదా ముద్ర వేసినారు!"

దొరైస్వామి టోకెను తీసుకుని చూశాడు. ఇరవై ముద్రలు, ఇరవై సంతకాలు, అన్నీ తనవే.

"అట్లయితే ఆడ నిశ్చలంగా ఉన్నింది ఎవరు?"

"తిన్నె," అన్నాడు అశ్వత్థనారాయణ.

దొరైస్వామి కూడా నిజాయతీపరుడే, ఏం చేస్తాం. ఉన్నదున్నట్టు కంప్యూటరులో ఎక్కించాడు. పైవాళ్ళు దాన్ని నాలుగు రోజులు పరిశీలించారు. మనిషి తోడు లేకుండానే స్థలం అంత నిశ్చలంగా ఉందంటే ఆ ఘనత స్థలానిదేనని, ధ్రువపత్రం తిన్నె పేరు మీదే ఇవ్వాలని ఉత్తర్వు వేశారు. ఉత్తర్వు తెలుగులో వచ్చింది. పక్కన పచ్చరంగు టిక్కు ఉంది. టిక్కు ఇద్దరికీ చదవడం వచ్చింది.

"ఇంక మీ తిన్నెను ఎవురూ తాకరయ్యా," అన్నాడు దొరైస్వామి. ఆయనకు తెలియకపోయినా అది అక్షరాలా నిజం.

వారం తిరక్కుండా మేట్టుపాళయంలోని కార్ఖానా నుంచి ఇత్తడి బోర్డు వచ్చింది. దరఖాస్తుదారు మాతృభాష మీద గౌరవంతో దాన్నీ తెలుగులోనే చెక్కించారు. 'నిశ్చల స్థలము. ఇచ్చట కూర్చొనుట, ఆనుకొనుట, నీడకు నిలుచుట, ఊరకుండుట నిషేధము.' బోర్డు బిగించి, ఫోటో తీసి, పైకి పంపడం దొరైస్వామి పని. ఒంటిగంట ఎండలో వచ్చి, తిన్నె పైన గోడకు అశ్వత్థనారాయణ పట్టుకుంటే తాను మేకులు కొట్టాడు. ఫోటో తీశాడు, పంపాడు.

"ఏం రాసుండాది సార్ దీంట్లో?"

దొరైస్వామి రెండడుగులు వెనక్కి వేసి బోర్డును పైనుంచి కిందకు గంభీరంగా చూశాడు.

"సుమ్మా ఏదో మంచి మాటే రాసుంటారు."

కన్యకాపరమేశ్వరి రెండు గ్లాసుల్లో మజ్జిగ తెచ్చింది. అశ్వత్థనారాయణ తువ్వాలుతో రాయి తుడిచి, తన చోట తాను కూర్చున్నాడు. వీపు గోడకు ఆనగానే ఒళ్ళంతా తేలికపడింది. ఆ ముఖం చూసి కన్యకాపరమేశ్వరి నవ్వుకుంటూ ఇంటికి పోయింది. దొరైస్వామి కాసేపు నిలబడి చూసి, తానూ పక్కన చేరాడు. ఎందుకు కూర్చున్నాడని ఆయన్ను ఎవరూ అడగలేదు. గంటసేపు ఇద్దరూ సుమ్మా కూర్చున్నారు.

రెండు దాటాక నెల్లూరు నుంచి ఊరు చూడ్డానికొచ్చిన పెద్దమనిషి ఒకాయన అటుగా వచ్చాడు. చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయింది. అశ్వత్థనారాయణ పక్కకు జరిగి చోటిచ్చాడు.

"రాండి, కూర్చోండి సార్. సుమ్మానే."

ఆయన ఆశగా ఒక అడుగు ముందుకు వేశాడు. తలెత్తి బోర్డు చూశాడు. దొరైస్వామి మెళ్ళో కార్డు చూసి, వీళ్ళకు అనుమతి ఉండి ఉంటుందనుకున్నాడు.

"పర్వాలేదండీ," అని వెనక్కి జరిగి, కొట్లు తెరిచే నాలుగింటి దాకా ఎండలోనే నిలబడ్డాడు. ఆయనకు తెలుగు చదవడం వచ్చు.